మా అవ్వ కాన్పుల్లో చెప్పే అబద్ధాలు

మా అవ్వ చెప్పే అబద్ధాలన్నీ నాకు కంఠతా వచ్చు. మా ఊళ్ళో కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. ఆమె మంత్రసాని. ధర్మసాగర్ చెరువు అవతల మా ఊళ్ళోనూ, చుట్టుపక్కల మరో మూడు నాలుగూళ్ళలోనూ కాన్పులు చేసేది. బయట ఎక్కడా అబద్ధమాడే మనిషి కాదు. మా నాయిన కొత్త చొక్కా తొడుక్కుని ఎలా ఉందంటే, బాగా లేదని ముఖం మీదే చెప్పేది. కాన్పు గదిలో అడుగుపెట్టిందంటే మాత్రం నోరు తెరిస్తే అబద్ధమే.

"ఇంకొక్క నొప్పి, అంతే." ఇది మొదటిది. ఇంకా పూట పట్టేలా ఉన్నా ఇదే మాట. "తల వెంట్రుకలు కనబడుతాన్నయ్ బిడ్డా." వెంట్రుకలూ లేవు, ఏమీ లేవు. నీలాగా ఓర్చుకున్నదాన్ని నేనెక్కడా చూడలేదని ఊళ్ళో ప్రతి ఆడదానికీ చెప్పింది, చెంబులూ గిన్నెలూ విసిరి కొట్టినవాళ్ళతో సహా. కాన్పు చేసి ఇంటికి రాగానే నెత్తిన నీళ్ళు పోసుకుని, అన్నం ముందు కూర్చుని జరిగిందంతా నాయినకు చెప్పేది. డెబ్బైల్లో నేనింకా లంగా జాకెట్టు వయసులో ఉన్నాను. పక్కనే కూర్చుని తింటూ అన్నీ వినేదాన్ని. ఆడపిల్ల ముందు ఆ మాటలేమిటని నాయిన గొణిగితే, రేపు దానికి మాత్రం తప్పుతాయా అని అవ్వ ఎదురడిగేది.

ఏ మాట ఎందుకన్నదో ఆ అన్నాల దగ్గరే బయటపడేది. కాన్పు జరుగుతుంటే మొగుణ్ణి ఆముదం తెమ్మని హన్మకొండ పంపిందంటే, ఆముదం కావాలని కాదు, అతను వాకిట్లో తిరుగుతూ ఆమె ప్రాణం తీస్తున్నాడని. బండి కట్టమన్నదంటే మాత్రం అది నిజమైన పనే. దవాఖానకు పోవాల్సి రావచ్చని అర్థం. ఇంకొకటి కూడా ఉంది. బాగా భయమేస్తే మా అవ్వ చింతపండు ముచ్చట తీస్తుంది. ఈ ఏడు చింతపండు బాగా వచ్చిందా, గింజలు తీశారా, ఉప్పు ఎంత కలిపారు అని చేతులు ఒక పని చేస్తుంటే నోరు ఈ పని చేస్తుంది. ఎందుకలా అని నాయిన అడిగితే, ఊరుకుంటే నా ముఖంలో భయం వాళ్ళకు కనబడదా అంది.

నాకు పదిహేనేళ్ళప్పుడు అవ్వ చేతుల్లో ఒక ఆమె చనిపోయింది. పొరుగూరు కోడలు, రెండో కాన్పు. బిడ్డ చక్కగా పుట్టి ఏడ్చింది కూడా. ఆ తర్వాత మాయ పడలేదు, నెత్తురు ఆగలేదు. బండి కట్టి దవాఖాన దారి పట్టేలోపే అయిపోయింది. అవ్వ ఇంటికొచ్చి ఆ రోజు అన్నం ముందు కూర్చోలేదు, మరునాడూ కూర్చోలేదు. మూడో రోజు నాయిన కలిపి ముద్ద నోట్లో పెడితే, అప్పుడు చెప్పింది, మాయ కోసం చూస్తున్నంతసేపూ తాను చింతపండు గురించే మాట్లాడుతూ ఉన్నానని. ఆ అన్నం దగ్గరే ఇంకో మాట కూడా అనేసింది. నా బిడ్డ కాన్పు నేను చెయ్యను, దవాఖానలోనే, నా చెయ్యి దాని మీద సాగదు అని.

కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చేవాళ్ళు. అవ్వ వాళ్ళను చాప మీద పడుకోబెట్టి, కడుపు మీద అరచేయి ఆనించి బిడ్డ ఎటు తిరిగి ఉందో చూసేది. తర్వాత ఏమేం అవుతుందో వరసగా చెప్పేది. నొప్పి వస్తుంది, పోతుంది, పోయినప్పుడు ఒళ్ళు వదిలేసి పడుకో. వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టకు. నడవాలనిపిస్తే నడువు. కాళ్ళు వణుకుతాయి, కక్కు వస్తుంది, భయపడకు, అది దగ్గరికొచ్చినట్టు. ఇక నా వల్ల కాదని ఏడుస్తావు చూడు, అప్పుడు సగం కంటే ఎక్కువ అయిపోయినట్టే. దొడ్డికి వచ్చినట్టు అనిపించేదాకా ముక్కకు. తల బయటికొస్తుంటే ముక్కడం ఆపి, వేడి చాయ్ ఊదినట్టు ఊదు. బిడ్డ పుట్టాక మాయ కోసం కాసేపు ఆగాలి, బొడ్డు పట్టి లాగొద్దు. గదిలో ఆడే అబద్ధాలు వేరు, ఈ మాటలు వేరు. ఇవన్నీ నిజాలే. తలుపు చాటున విని విని నాకు ఇవీ కంఠతా వచ్చేశాయి.

అందుకే నాకు కడుపు నిలిచినప్పుడు నా అంత తెలిసినది లేదన్నట్టు ఉండేదాన్ని. ఎనభై మూడో, ఎనభై నాలుగో. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. అక్కడే ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఏడో నెలలో నన్ను పుట్టింటికి తెచ్చారు. తొమ్మిదో నెల సగం కాగానే అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఆ గదికే వచ్చి ఉంటుంది, నొప్పులు రాగానే దగ్గర్లోని దవాఖాన, అదీ ఏర్పాటు. దానికింకా పదిహేను రోజులుంది.

మిరపతోటల్లో కాయ ఏరే రోజులవి. ఏ ఇంట్లోనైనా నెలలు నిండినదుంటే అవ్వ మిరప ఏరడానికి పోయేది కాదు. మిరప పట్టిన చెయ్యి ఎంత కడిగినా పూటంతా మండుతుంది, ఆ చేతులతో ఆడదాన్ని ముట్టుకోకూడదు. ఈ పట్టింపు ఊరందరికీ తెలుసు, తోట ఆసాములు కూడా ఆమెను బలవంతం చేసేవాళ్ళు కాదు. నాకింకా రోజులున్నాయి, ఊళ్ళో నెలలు నిండినవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకని ఆ పొద్దున నాయినతో కలిసి తోటకు పోయింది.

వాళ్ళు పోయిన కాసేపటికి నాకు నడుము పట్టేసింది. నొప్పి అంటే వచ్చి పోవాలి, వెనకనుంచి ముందుకు రావాలి అని కదా నా చదువు. ఇది రావడం పోవడం ఏమీ లేదు. నడుములో మేకు దిగేసినట్టు ఒకేచోట కూర్చుంది. వాతం చేసిందనుకున్నాను. అనుమానం తీరాలని జీలకర్ర కషాయం పెట్టుకున్నాను. అవి నిజం నొప్పులైతే కషాయంతో పెరుగుతాయి, ఉత్తవైతే తగ్గుతాయి. తాగి ఒక పక్కకు తిరిగి పడుకుంటే కొంచెం తగ్గినట్టే అనిపించింది. అబ్బో, నా తెలివికి నేనే మురిసిపోయాను.

పక్కింటి చాచి గోడ మీదనుంచి చూసి, ముఖం అలా ఉందేమిటని అడిగింది. చాచి వాళ్ళది ముస్లిం దర్జీల ఇల్లు. ఆమెకు ఏడుగురు పిల్లలు, అందులో ఐదుగురు మా అవ్వ చేతుల మీద పుట్టినవాళ్ళే. తోటకు పోయి అవ్వను పిలుచుకురానా అంది. ఉత్త నొప్పులే, నాకు తెలియదా చాచీ అన్నాను. మంత్రసాని బిడ్డతో వాదించడమెందుకని ఆమె ఊరుకుంది. ఈనాటికీ ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పొద్దు నెత్తిమీదికి వచ్చేసరికి అన్నం గంజి వారుద్దామని వంగాను. ఉమ్మనీరు ఒక్కసారిగా పోయింది. పాదాల దగ్గర నేలంతా తడి. ఏం చేయాలో, తర్వాత ఏం వస్తుందో అన్నీ తెలిసిన నేను గంజి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తర్వాత చాచీ అని పిలిచాను. ఆమె వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా నన్ను చాప మీద కూర్చోబెట్టి, తానే తోటకు పరుగెత్తింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, ఎండలో.

ఆ తర్వాత నేనొక్కదాన్నే ఉన్నాను. అరగంట ఉంటుందేమో. ఇప్పుడు నొప్పి పోవడం రావడం మొదలుపెట్టింది, కానీ పోయినప్పుడు కూడా నడుములో మేకు అలాగే ఉంది. అవ్వ చెప్పినవాటిలో ఇది లేదు. వినని సంగతి ఏదో నా ఒంట్లో జరుగుతోందని అప్పుడు భయం పట్టుకుంది. పొరుగూరి కోడలు గుర్తొచ్చింది. ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు, అయినా గుర్తొచ్చింది. నేను చచ్చిపోతే అవ్వ మళ్ళీ అన్నం తినదని, ఈసారి నాయిన కలిపి పెట్టినా తినదని అనుకున్నాను. నా ప్రాణం కంటే అదే ఎక్కువ బాధగా ఉంది.

అవ్వ వచ్చింది కానీ గడప దాటలేదు. గడప మీదే నిలబడి తన చేతులకేసి చూసుకుంది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. మజ్జిగ పోసి రుద్దుకుంది, నూనె రాసి తుడుచుకుంది, సబ్బుతో కడిగింది. కడిగిన వేలు తన కంటి కొసకు ఆనించి చూసుకుంది. కన్ను బొటబొటా కారింది. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ కన్ను. నేను లోపల మెలికలు తిరుగుతుంటే ఆమె వాకిట్లో చేతులు కడుక్కుంటూ, ఎప్పుడు మొదలైంది, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి, బిడ్డ కదులుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. పొద్దుటినుంచీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చాచే చెప్పింది. అవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అప్పుడే నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

నాయిన వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆయనను దేనికి పంపుతుందా అని చెవులు రిక్కించి విన్నాను. ఆముదం తెమ్మంటే బాగుండునని మొక్కుకున్నాను.

"బండి కట్టుకొచ్చి గిక్కడ నిలబెట్టు," అంది అవ్వ.

మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది, మళ్ళీ సాయంత్రమే. బండి మీదైతే గతుకుల దారిలో మూడు గంటలు. నీళ్ళు పోయాక నొప్పులు ఇంత దగ్గర దగ్గరగా వస్తుంటే దారి మధ్యలోనే అయిపోవచ్చు, అక్కడ నీళ్ళుండవు, నీడ ఉండదు. ఇంట్లోనే చూద్దాం, అవసరమైతే బండి ఉండనే ఉంది అని అవ్వ చాచికి చెప్పింది. చెయ్యను చెయ్యను అన్న నా కాన్పు ఆమె మీదే వచ్చి పడింది.

చేతుల మంట పూర్తిగా పోలేదు. అందుకని నన్ను మామూలుగా ముట్టుకోలేదు, చీర మీదినుంచే కడుపు తడిమింది. ముందు వైపు బిడ్డ వీపు దొరకాలి. దొరకలేదు. మళ్ళీ తడిమింది. చాచి నా వెనక కూర్చుని నన్ను తన ఛాతీకి ఆనించుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా నా నడుమును పిడికిళ్ళతో గట్టిగా అదిమేది. అలా అదిమితేనే ఊపిరి ఆడేది.

ఇంకొక్క నొప్పి, అంతే, అంది అవ్వ. అందరికీ ఇదే చెప్తావని అరిచాను. నా లెక్క ఓర్చుకున్నదాన్ని ఎక్కడా చూడలేదని మొదలుపెట్టింది. అది కూడా నాకు తెలుసన్నాను. పాపం, ఇరవై ఏళ్ళు ఊరి ఆడవాళ్ళందరికీ పనిచేసిన మాటలు సొంత బిడ్డ దగ్గర ఒక్కటీ పనిచేయలేదు. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. బియ్యం గిన్నెలో బ్లేడు, దారం వేసి మరగబెట్టింది. తర్వాత చాచి వైపు తిరిగి అడిగింది, ఈ ఏడు మీ చింతపండు గింజ తీసుడు అయిపోయిందా అని.

చాచి అమాయకంగా, ఇంకా సగం ఉందని జవాబు చెబుతోంది. నేను అవ్వ కొంగు పట్టుకుని లాగాను.

"చింతపండు ముచ్చట నాకెందుకే. నిజం చెప్పవ్వా. సచ్చిపోతాన్ననా?"

అవ్వ నా ముఖంలోకి చూసింది. వచ్చినప్పటినుంచీ చూడడం అదే మొదటిసారి.

"బిడ్డ తలకిందనే ఉన్నది, గంత మట్టుకు మంచిదే," అంది. "కాని దాని వీపు నీ వీపుకు ఆనించి పండుకున్నది. గందుకే నడుము గట్ల కోత్తాంది. గిసువంటియి నేను చేసిన, అయితయి. జర ఎక్కువ సేపు పడ్తది. ఇంకొక్క నొప్పి కాదు. ముప్పై ఉంటయేమో, ఇంకెక్కువనే ఉంటయేమో, నాకు తెల్వది. నాకు భయమైతాంది బిడ్డా."

ఆ మాటతో నా భయం పోవాలా, పెరగాలా? పోలేదు, అబద్ధం చెప్పను. కానీ కాళ్ళ కింద నేల దొరికింది. ముప్పై అంటే లెక్క ఉంది, ఈ కొస ఒకటి, ఆ కొస ముప్పై. ఒక్కొక్కటే దాటవచ్చు. ఆమె భయం నాకు తెలిసిపోయింది, నా భయం ఆమెకు తెలుసు. ఇంక దాచుకోవడానికి గదిలో ఏమీ లేదు. చాచి కొంగు ముడిలోనుంచి నమాజు పూసల దండ తీసి, నొప్పికొక పూస జరపడం మొదలుపెట్టింది.

అవ్వ నన్ను మోకాళ్ళ మీదికి, చేతుల మీదికి వంగమంది, నేల తుడిచేటప్పుడు ఉన్నట్టు. అలా ఉంటే బిడ్డ బరువు ముందుకు జారి తిరగవచ్చునట. తిరగకపోయినా నడుముకు సుఖంగా ఉంటుందంది. నిజంగానే సుఖంగా ఉంది. నొప్పికీ నొప్పికీ మధ్య తల గోనెసంచి మీద పెట్టి కళ్ళు మూసుకున్నాను. బెల్లం నీళ్ళు గుక్కెడు గుక్కెడు పట్టించారు. ముప్పై అయ్యాయి. ముప్పై ఒకటి కూడా వచ్చింది. ముప్పై అన్నావు కదే అని అవ్వను నోటికొచ్చినట్టు తిట్టాను. తప్పు చెప్పానంది, ఇంకా ఉన్నాయంది. ఇంకొక్కటే అని మాత్రం అనలేదు.

తర్వాత కాళ్ళు వణికాయి. బెల్లం నీళ్ళన్నీ కక్కుకున్నాను. నా వల్ల కాదన్నాను. అలా అన్నప్పుడు దగ్గరికొచ్చినట్టని నాకు తెలుసు, కానీ తెలిసినదేదీ ఆ నిమిషంలో అక్కరకు రాలేదు. నిజంగానే నా వల్ల కాదనుకున్నాను. ఆ వెంటనే ఒళ్ళు దానంతటదే కిందికి ముక్కడం మొదలుపెట్టింది, నన్ను అడగలేదు. చాచికి ఆనుకుని గొంతుకూర్చున్నాను. అవ్వ నా ఎదురుగా, మూడోసారో నాలుగోసారో కడుక్కున్న చేతులతో. తల వచ్చేటప్పుడు నిప్పు తగిలినట్టు మండింది. మిరప మంటేమో అనుకున్నాను, అది కాదు, అది అందరికీ మండేదే. ఊదు, ఊదు అంది అవ్వ. ఊదాను. బిడ్డ తిరగలేదు. ముఖం పైకి పెట్టుకునే, చూరుకేసి చూస్తూ వచ్చేసింది.

ఏడ్చింది. చాచి పెద్దగా అల్లాను తలచుకుంది. అవ్వ ఒక్క చేత్తో బిడ్డను పాత చీరముక్కలో చుట్టేసి, బొడ్డు తెంపకుండానే నా రొమ్ముల మీద పెట్టి, నోటికి అందించమంది. ఆమె గొంతులో సంతోషం లేదు. ఎందుకో నాకు తెలుసు. పొరుగూరి కోడలి బిడ్డ కూడా ఇలాగే చక్కగా ఏడ్చింది.

నెత్తురు పోతూనే ఉంది. అవ్వ ఒక చెయ్యి నా కడుపు మీద పెట్టింది, బొడ్డు పట్టి లాగలేదు, తొందరపడలేదు. కళ్ళు మాత్రం నా ముఖం మీదే. నా పెదవుల రంగు చూస్తోంది, నా రెప్పలు చూస్తోంది. కళ్ళు తిరుగుతున్నాయా అంది, లేదన్నాను. చలిగా ఉందా అంది, కొంచెం అన్నాను. చాచి దండెం మీది దుప్పటి లాగి కప్పింది. బయట ఎడ్లు కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నాయి. బిడ్డ వెతికి వెతికి పాలు అందుకుంది, నోటితో గట్టిగా లాగింది. లాగగానే కడుపులో మళ్ళీ ఒక మెలి. అవ్వ చేతి కింద కడుపు రాయిలా గట్టిపడింది. ఇంకొక మెలి. మాయ జారి తాంబాళంలో పడింది.

అవ్వ దాన్ని తిరగేసి, మరగేసి, అంచులన్నీ కలిపి చూసింది. ఏ ముక్కా లోపల మిగల్లేదు. నెత్తురు తగ్గింది, కొద్దికొద్దిగా ఆగింది. ఆమె నా కడుపు మీద చెయ్యి తియ్యకుండా ఇంకా చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాతే బొడ్డుకు దారం కట్టి తెంపింది, అది కూడా చీరముక్క కొంచెం పక్కకు జరిపి, చూపు నా మీదినుంచి తిప్పీ తిప్పకుండా.

తలుపు అవతలనుంచి నాయిన గొంతు వినిపించింది. ఎంతసేపటినుంచి ఆపుకున్నాడో. "ఏం పుట్టిందే?"

చాచి నా వెనక ఉంది, ఆమెకు కనబడలేదు. నాకు కనబడలేదు. ఇద్దరం అవ్వకేసి చూశాం. ఎన్నో ఇళ్ళ వాకిళ్ళలోకి అందరికంటే ముందు ఆ కబురు మోసిన మనిషి నా నుదుటి చెమట కొంగుతో తుడిచింది.

"నాకెరుక లేదు," అంది చివరికి. "నేనింకా చూడలే. నా బిడ్డ మొఖమే చూసుకుంట కూసున్న. నీ బిడ్డ బతికింది."

తలుపు అవతల గోడకు ఆనుకుని నాయిన నేల మీద కూలబడిన చప్పుడు వినిపించింది.